కంప్యూటర్ మీద నీళ్ల గ్లాసు

మొన్న నయా రాయపూర్‌లో, మా కొత్త స్టూడియోలో, నేనో వింత పని చేశాను. ఎడిటింగ్ కంప్యూటర్ ఫ్యాను పొద్దుట్నుంచీ ఒకటే గోల. గుయ్యిమని లేవడం, ఉస్సూరుమని పడడం, మళ్లీ లేవడం. సర్వీసువాళ్లకి ఫోన్ చెయ్యాల్సింది పోయి, క్యాంటీన్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి, సగానికి నీళ్లు పోసి, కేబినెట్ నెత్తిన పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చున్నాను.

"మేడమ్, పానీ గిర్ జాయేగా!" అని పక్క సీటు పిల్ల కంగారుపడింది. నీళ్లు ఒలికిపోతాయని దాని భయం.

"ఒలకవులే. ఉండు, గ్లాసేటంటందో చూద్దాం" అన్నాను. తెలుగులో అన్నాను. ఆ పిల్లది బిలాస్‌పూర్, తెలుగు ముక్క రాదు. నాకు ఎండదెబ్బ తగిలిందనుకుందో ఏమో, వెళ్లి గ్లూకోజు నీళ్లు కలిపి తెచ్చింది.

నాకే దెబ్బా తగల్లేదు. బాబాయ్ గుర్తొచ్చాడు, అంతే. కిందటి చలికాలంలో పోయాడు. పోయినప్పుడు ఏడ్చాను గానీ, ఇంత గట్టిగా గుర్తొచ్చింది మాత్రం మొన్న ఆ గ్లాసులో నీళ్లు వణుకుతుంటేనే.

బాబాయ్ అంటే మా నాన్న తోడబుట్టినవాడేం కాదు. రాయపూర్ రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టర్‌కీ వాళ్ల క్వార్టర్‌కీ మధ్య ఒకటే గోడ. వాళ్లదీ శ్రీకాకుళం వైపే, మాదీ అటే. వీధంతా హిందీ, ఛత్తీస్‌గఢీ వినబడే చోట గోడకి అటూ ఇటూ తెలుగు దొరికితే చుట్టరికం కలుపుకోకుండా ఎవరుంటారు? ఆయన బాబాయ్, ఆవిడ పిన్ని, మా అమ్మ వాళ్లిద్దరికీ వదిన. అసలు చుట్టాలు కూడా ఇంత పోట్లాడుకోరు.

ఆయన వ్యాగన్ రిపేరు వర్క్‌షాపులో ఫిట్టరు. మనిషి రివటలా ఉండేవాడు, గొంతు మాత్రం మైకు మింగినట్టుండేది. వయసంతా ఇనుము మీద సుత్తి మోతలో గడిచిపోయి, ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి సగం మిగిలింది. తనకి వినబడటం లేదు కాబట్టి లోకంలో ఎవరికీ సరిగ్గా వినబడదని ఆయన నమ్మకం. ఆయన గుసగుసలాడితే వీధి చివర పాలాయన తలూపేవాడు. మా అమ్మకి బీపీ ఉందని కాలనీ మొత్తానికి తెలిసింది ఎప్పుడనుకున్నారు? ఆయన వచ్చి "వదినా, ఈ సంగతి ఎవరికీ చెప్పను" అని మా అమ్మకి మాటిచ్చిన రోజునే.

ఆ బీపీకి కూడా కారణం కనిపెట్టాడు. "ఎర్తింగ్ లేదు వదినా నీకు. చెప్పుల్లేకుండా మట్టిలో నడు." ఆయన దృష్టిలో లోకంలోని సమస్తానికీ ఎర్తింగే రోగం, ఎర్తింగే మందు. మిక్సీ ఆగినా, పాలు విరిగినా, వాళ్ల మేనల్లుడు ఇంటర్ తప్పినా ఒకటే మాట: "ఎర్తింగ్ లేదు."

ఇంకో చోద్యం. ఎవరైనా ఫోన్ పైకెత్తి వీడియో తీస్తుంటే ఆయనకి అది వీడియో అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. ఫోన్ ఎత్తారంటే ఫోటోయే. చొక్కా కిందికి లాక్కుని, చేతులు తొడలకి అతికించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. కాలనీ పెళ్లిళ్ల వీడియోలు చూడండి. అందరూ గెంతుతుంటారు, మధ్యలో ఈయన స్తంభంలా ఉంటాడు. అంత నోరున్న మనిషి ఒక్క వీడియోలోనూ పెదవి విప్పలేదు.

ఇక గ్లాసు. ఏ యంత్రం బాగు చెయ్యమన్నా ముందు పిన్నిని కేకేసి స్టీలు గ్లాసుతో నీళ్లు తెప్పించేవాడు. యంత్రం మీద పెట్టి, చూపు నీళ్ల అంచుకి దించి, కదలకుండా కూర్చునేవాడు. చెవులు పోయాక ఆయన కనిపెట్టుకున్న చెవి అది. నీళ్లలో వలయాలు ఎలా లేస్తున్నాయో చూసి బేరింగు పోయిందో, బోల్టు వదులైందో చెప్పేవాడు. సగం సార్లు తప్పు చెప్పేవాడు, అది వేరే సంగతి. తప్పైతే గ్లాసుని తిట్టేవాడు. బాగుచేశాక మళ్లీ గ్లాసు పెట్టి, "గ్లాసేటంటంది?" అని తనే అడిగి, నీళ్లు కదలకపోతే గటగటా తాగేసేవాడు. తాగితే పాస్. పారబోస్తే ఫెయిల్. మా ఇంట్లో మిక్సీ, టేబుల్ ఫ్యాను, అమ్మ కుట్టుమిషనూ అన్నీ ఆయన తాగి పాస్ చేసినవే.

లాక్‌డౌన్ వచ్చిన వేసవిలో వర్క్‌షాపు మూసేశారు. మా నాన్న గూడ్సు బళ్ల గార్డు, ఆయనకి డ్యూటీ తప్పలేదు. బాబాయ్ మాత్రం బతుకులో మొదటిసారి పొద్దస్తమానం ఇంట్లో కూర్చున్నాడు. ఎంతసేపని కూర్చుంటాడు? పిన్నిని పిలవడం మొదలుపెట్టాడు. "ఓలే! టీ అయినాదేటే?" "ఓలే! తువ్వాలేదే?" "ఓలే! ఈ ఎండేటే ఇలగ కాస్తంది?" ఎండకి కూడా పిన్నే జవాబు చెప్పాలి. గోడకి ఇవతల నేను పళ్లు నూరుకుంటూ ఉండేదాన్ని.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాకు రేడియోలో పని దొరికింది. ఊళ్లోని ఒక చిన్న స్టేషను. సాయంత్రం కార్యక్రమం, హిందీలో, మధ్యమధ్య ఛత్తీస్‌గఢీ తాలింపు. తెలుగింటి పిల్ల "జై జోహార్ రాయ్‌పుర్!" అని అక్కడివాళ్లలా పలకరిస్తే మా వీధిలో అందరూ నన్ను కొత్తగా చూశారు. చిన్నప్పుడు అద్దం ముందు దువ్వెన పట్టుకుని మాట్లాడితే అమ్మ పిచ్చిదన్న పిల్లని నేను. ఆ పని కోసం ఎన్ని మెట్లెక్కి దిగానో నాకే తెలుసు. ఇంకా పర్మనెంటు కాలేదు, ట్రయల్లోనే ఉన్నాను, ఇంతలో స్టేషను తలుపులు కూడా మూసేశారు. ఇంటి దగ్గర్నుంచి రికార్డు చేసి పంపమన్నారు.

ఫోన్లో చేస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుందన్నారు. స్టేషన్ వాళ్లిచ్చిన మైకు ఉంది, దాని తీగ జానెడు. నా పాత కంప్యూటర్‌కి తగిలించి, తలుపులు కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, కూలర్ ఆపి, మే నెలలో, రాయపూర్లో, నెత్తి మీదుగా రజాయి కప్పుకుని మాట్లాడేదాన్ని. బయట నిప్పులు, లోపల ఆవిరి. చెమట ముక్కు చివరి నుంచి కారుతుంటే "మౌసమ్ బడా సుహానా హై దోస్తోఁ" అనేదాన్ని. వాతావరణం హాయిగా ఉందట!

నాకే అంత ఉడుకుతుంటే కంప్యూటర్‌కి ఉడకదూ? రికార్డు మీట నొక్కానో లేదో దాని ఫ్యాను మిక్సీలో ఎండుకొబ్బరి వేసినట్టు లేచేది. కాసేపటికి చల్లారి తగ్గేది. హమ్మయ్య అని నేను రెండో మాట ఎత్తగానే మళ్లీ లేచేది. మోత ఒకేలా ఉంటే బాధ లేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి తీసేస్తుంది. ఇలా ఎక్కుతూ దిగుతూ ఉంటే దాని చేతకాదు. తీసెయ్యబోతే నా గొంతు కూడా కోసుకుపోయి, బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు తయారయ్యేది.

స్టేషన్లో మా మేడమ్ ఫోన్ చేసింది. "బేటా, తుమ్హారే పీఛే చక్కీ చల్ రహీ హై క్యా?" నీ వెనకాల పిండిమర నడుస్తోందా అని. మంచిదే పాపం, కోప్పడలేదు. కానీ సోమవారం నాటికి శుభ్రమైన రికార్డింగ్ రాకపోతే ఆ సమయం వేరే అమ్మాయికి ఇచ్చేస్తామంది. ఆ అమ్మాయి వాళ్లింట్లో ఏసీ గది ఉందట. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, అమ్మ తోముతున్న గిన్నె లాక్కుని నేలకేసి కొట్టాను. సొట్ట ఇప్పటికీ ఉంది.

దుకాణాలన్నీ మూత. రిపేరు షాపుల మాటే లేదు. అమ్మ సొట్ట గిన్నె కేసి చూసి, గోడ కేసి చూసి, "బాబాయిని పిలవనా?" అంది.

"ఆయనొస్తే ఉన్నది కూడా పోతుంది!" అన్నాను.

గోడ అవతల్నుంచి "వొస్తన్నా!" అని వినబడింది. నా మాట వినబడి కాదు. పిన్ని విని చెప్పింది.

ముఖానికి తువ్వాలు చుట్టుకుని, జేబులో పెన్నులాగా స్క్రూడ్రైవర్ పెట్టుకుని, వర్క్‌షాపు నీలం చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు. ఆ చొక్కా వేసుకోక ఎన్నాళ్లయిందో, పెళ్లికొడుకులా ఉన్నాడు. దూరం పాటించాలి కదా, నన్ను మంచం అవతల నిలబడమన్నాడు. కంప్యూటర్‌కి మాత్రం దూరం పాటించలేదు. కేబినెట్ పక్క రేకు ఊడదీసి, లోపలికి ముక్కు పెట్టి, "ఓర్నాయనో! సిల్తారా మొత్తం ఇక్కడే ఉంది!" అని అరిచాడు.

నిజమే. సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల నల్లదుమ్ము మా ఊళ్లో ఎక్కడ లేదు కనక? మేడ మీద ఆరేసిన వడియాల మీద కూడా ఉంటుంది. అది ఫ్యాను రెక్కలకి కాటుక పెట్టినట్టు పట్టేసింది. "ఇనుప దుమ్మే గదా, చిటికెలో లాగీస్తాను" అంటూ జేబులోంచి అరచెయ్యంత అయస్కాంతం తీశాడు.

నేను మంచం మీదుగా ఇవతలికి దూకాను. దూరమూ లేదు, గీరమూ లేదు. "బాబాయ్! హార్డ్ డిస్కు! నా రికార్డింగులన్నీ పోతాయి!" అని ఆయన చెయ్యి పట్టుకుని వేలాడాను. మా కాలనీలో అందరూ చేసే పనే అది, మేడ మీద దుమ్ము అయస్కాంతంతో ఊడ్చేస్తారు. అదే చేత్తో నా ఉద్యోగం కూడా ఊడ్చేసేవాడు. ఆయన అయస్కాంతం జేబులో పెట్టుకుని, "దీనికి అంత సిగ్గా?" అన్నాడు.

సైకిల్ పంపూ, రంగులేసే బ్రష్షూ తెచ్చి దుమ్మంతా దులిపాడు. ఇద్దరం బొగ్గు గనిలోంచి వచ్చినట్టయ్యాం. తర్వాత అమ్మ కుట్టుమిషను నూనె ఒక్క చుక్క ఫ్యాను ఇరుసులో వేశాడు. గ్లాసు పెట్టాడు. అమ్మ గుండె చేత్తో పట్టుకుంది. గరగర తగ్గింది, నీళ్లలో వలయాలు సన్నబడ్డాయి. కానీ ఆగలేదు. వస్తున్నాయి, పోతున్నాయి, వస్తున్నాయి.

"ఎర్తింగ్" అన్నాడు బాబాయ్. గ్లాసు నీళ్లు పారబోశాడు.

ఎర్తింగ్ పేరుతో ఒక రోజు గడిచింది. తర్వాత వాళ్ల కూలర్ తెచ్చి కంప్యూటర్ ముందు పెట్టాడు. కూలర్ మోతలో ఫ్యాను మోత వినబడలేదు, నా గొంతూ వినబడలేదు. "మరి మోత పోనాదా లేదా?" అని వాదించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం వచ్చేసింది. రేపటికి రికార్డింగ్ లేదు. మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చాను. నాకు ఏడుపొస్తే నేల అదిరేలా ఏడుస్తాను, అది మా వంశంలోనే ఉంది. ఆయనకి ఆ సగం చెవికి అది కూడా వినబడలేదు. గ్లాసు ముందు కూర్చుని నీళ్లనే చూస్తున్నాడు.

"గుంటా, ఆ మీట నొక్కు" అన్నాడు. మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లంటే గుంటే. రికార్డు మీట నొక్కాను. నీళ్లు వణికాయి. "ఆపు." ఆగాయి. "నొక్కు." వణికాయి, ఆగాయి, మళ్లీ వణికాయి. అప్పుడు పకపకా నవ్వాడు. "ఇది మీ పిన్నే! చెమట పట్టిందంటే కూలర్ హైలో పెట్టీస్తది. వొళ్లు చల్లబడిందంటే కట్టీస్తది. మళ్లీ చెమట, మళ్లీ హై. రోజంతా ఆ మీట తిప్పడమే పని. దీనికి వోపిక లేదే. కాసింత వేడి తగిలితే చాలు, గంగవెర్రులెత్తిపోతంది. అలగ పరిగెట్టొద్దు, నిదానంగా ఒక్క లాగే తిరగమని చెప్పు."

"ఎవరికి చెప్పను? ఫ్యానుకా?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి గదా!"

కళ్లు తుడుచుకుని ఫోన్లో వెతికాను. ఉంది, చెప్పడానికి చోటుంది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఒక మీట నొక్కి పట్టుకుంటే నీలం తెర ఒకటి వస్తుంది. అందులో ఫ్యాను కోసం ఒక పేజీ. ఎంత వేడి దాకా ఏ వేగంతో తిరగాలి, వేడి పెరిగాక ఎంతసేపు ఆగి వేగం పెంచాలి, అన్నీ మనమే చెప్పొచ్చు. ఇన్నాళ్లూ ఆ ఆగడమనేదే లేదు దానికి, వేడి సోకితే చాలు, అప్పటికప్పుడే పరుగు. నేను మీటలు నొక్కుతుంటే బాబాయ్ గ్లాసు చూస్తూ "ఇంకాస్త తగ్గించు... ఆఁ, ఎక్కువ తగ్గించీకు, కాలిపోద్ది... ఇంకాస్త ఆగనీ దాన్ని..." అని చెప్తూ కూర్చున్నాడు. వేడి మరీ మీరితే ఎలాగూ లేవమని ఉంచాం. మామూలు వేడికి మాత్రం నెమ్మదిగా ఒక్క వేగంలో తిరగాలి, అంతే.

మళ్లీ ఆన్ చేశాం. రికార్డు నొక్కాను. నీళ్లలో సన్నటి గీతలా ఒక్క వలయం, అలాగే నిలబడింది. ఎక్కలేదు, దిగలేదు. ఆ చిన్న మోతని సాఫ్ట్‌వేర్ ఈకలా ఊదేసింది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"గ్లాసేటంటంది?" అని నేనే అరిచాను.

బాబాయ్ గ్లాసెత్తి గటగటా తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "పాస్!" అన్నాడు. కాలనీ అంతా పాసైనట్టు వినబడింది. పిన్ని పరిగెత్తుకొచ్చింది. అమ్మ టీ పెట్టింది.

టీ తాగుతూ ఆయనకో కోరిక పుట్టింది. "ఇన్ని పాట్లు పెట్టినాది గదా, ఆ ఫ్యాను మోత ఎలగుంటదో నాకొకసారి వినిపించవే. శత్రువు మొహం చూడకుండా యుద్ధం చేసినట్టుంది."

సంతోషంలో ఉన్నాను, ఏమీ ఆలోచించలేదు. పాత రికార్డింగు ఒకటి తీసి, హెడ్‌ఫోన్ ఆయన కుడిచెవికి పెట్టి, శబ్దం నిండా పెంచేశాను. ముందు నా "జై జోహార్". ఆయన మొహం వెలిగింది. తర్వాత ఫ్యాను లేచింది. "ఓర్నీ! ఇదా! ఇది రాక్షసే!" అన్నాడు. దాని తర్వాత ఏముందో నాకప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

బాబాయ్ ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ లాగేశాడు. "ఎవడే ఆడు? నువ్వు మాట్లాడతుంటే మధ్యలో ఎవడో 'ఓలే, టీ అయినాదేటే' అని అరుస్తన్నాడు!"

అమ్మ పైకప్పు కేసి చూసింది. నేను నేల కేసి చూశాను. పిన్నే చెప్పింది, టీ గ్లాసు కింద పెట్టి. "ఇంకెవడు? నువ్వే."

"మళ్లీ పెట్టు" అన్నాడు. పెట్టాను. మళ్లీ విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. ఆయన మొహంలో నవ్వు ఎటుపోయిందో.

"ఇలగ అరుస్తన్నానా నేను? ఇన్నాళ్లూ?" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత చిన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"నాకలవాటైపోనాది లే" అంది పిన్ని.

"మరి చెప్పలేదేటే?"

"చెప్తే నీకు వినబడితే గదా!"

ఆ మాటకి ముందు అమ్మ కిసుక్కుమంది, తర్వాత పిన్ని, తర్వాత నేను. బాబాయ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. కానీ టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. నాకు ఫ్యాను మోత పోయిందన్న సంతోషం కూడా సగం చచ్చిపోయింది.

సోమవారం పొద్దున్నే రజాయి కింద దూరి, మీట నొక్కి, గోడ అవతల్నుంచి ఎప్పుడు "ఓలే" వస్తుందా అని బిక్కుబిక్కుమంటూ మొదలుపెట్టాను. రాలేదు. ఒక పాట పరిచయం అయింది, ఇంకోటి అయింది. గోడ గోడలాగే ఉంది. మొత్తం అయిపోయింది. అమ్మ తలుపు తీసి, భయం భయంగా "ఆయన బతికే ఉన్నాడేమో ఒకసారి చూసి రావే" అంది.

వెళ్లి చూశాను. వరండాలో మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని చేతులు తిప్పుకుంటున్నారు. వర్క్‌షాపులో సుత్తుల మోతకి ఎవరి మాటా ఎవరికీ వినబడదు గనక అక్కడంతా చేతులతోనే మాట్లాడుకుంటారట. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. పిడికిలి నెత్తిన పెడితే ఆఫీసరొస్తున్నాడు. అరచేతులు రెండూ కలిపి విదిలిస్తే పని అయిపోయింది. అదంతా రాత్రికి రాత్రే పిన్నికి నేర్పేశాడు. పిన్ని నేర్చుకోవడమే కాదు, సొంతంగా ఒకటి కలిపింది కూడా. నుదుటి మీద చెయ్యి కొట్టుకుంటే, నీతో వేగలేను అని.

నన్ను చూసి బాబాయ్ కనుబొమలు ఎగరేశాడు. అయిందా అని. నేను అరచేతులు కలిపి విదిలించాను. అయింది. అప్పుడు గాని నోరు విప్పలేదు మహానుభావుడు. "ఓలే! టీ ఏదే!" అని ఒక్క కేక పెట్టాడు చూడండి, అప్పటిదాకా బిగబట్టిందంతా ఒక్కసారి వదిలాడు.

మేడమ్ ఫోన్ చేసి "అబ్ ఆయీ న బాత్!" అంది. ఇప్పుడు దారికొచ్చావని. ఆ సమయం నాదే అయింది. తర్వాత ఉద్యోగం కూడా నాదే అయింది. ఇవాళ నయా రాయపూర్లో అద్దాల గదిలో కూర్చుని నేను మాట్లాడుతున్నానంటే అది ఆ సోమవారం చలవే.

వర్క్‌షాపు తెరిచేదాకా రోజూ పొద్దున్న ఆ గోడ అలాగే ఉండేది. అంత నోరున్న మనిషి, ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి, నా కోసం మూగనోము పట్టాడు. థాంక్స్ చెప్పబోతే "ఏటీ? వినబడ్లేదు" అనేవాడు. కొన్నిసార్లు ఆయనకి నిజంగానే వినబడదు, కొన్నిసార్లు కావాలని వినబడదు. ఏది ఏదో ఆయన మొహం చూస్తే తెలిసిపోయేది.

సాయంత్రం నా కార్యక్రమం వచ్చే వేళకి వాళ్ల వరండాలో పాత ట్రాన్సిస్టరు పెట్టుకునేవారు. పిన్ని వినేది. బాబాయ్ ట్రాన్సిస్టరు మీద గ్లాసు పెట్టి, నీళ్ల కేసి చూస్తూ కూర్చునేవాడు. నేను నవ్వితే నీళ్లు వణికేవి. "నవ్వుతున్నాది" అని ఆయనే ముందు చెప్పేవాడట. అది కూడా సగం సార్లు తప్పే అయ్యుంటుంది, పాటలకి కూడా నీళ్లు వణుకుతాయి కదా. కార్యక్రమం అయిపోయాక ఆ నీళ్లు తాగేసేవాడు. రోజూ పాసే. ఒక్కరోజు కూడా పారబోయలేదని పిన్ని చెప్పింది.

రిటైరయ్యాక క్వార్టర్ వదిలి కాలనీ బయటే ఇల్లు అద్దెకి తీసుకున్నారు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య గోడ లేకుండా పోయింది. నిద్రలోనే పోయాడు, అంత గొంతున్న మనిషి చప్పుడు చెయ్యకుండా. దినకార్యాలప్పుడు పిన్ని అందరి ఫోన్లూ అడిగి తీసుకుని వీడియోలన్నీ చూసింది. అన్నిట్లోనూ చొక్కా లాక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "బొమ్మలు బోలెడున్నాయే, గొంతే లేదు" అంది నాతో. "ఆ గొంతు పడలేక చచ్చేదాన్ని. ఇప్పుడు అది వినబడకపోతే పొద్దు గడవట్లేదే." నా దగ్గరేం ఉంది ఇవ్వడానికి? ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మొన్న స్టూడియోలో గ్లాసు ముందు గొంతుక్కూర్చున్నప్పుడు, నీళ్లు ఎక్కుతూ దిగుతూ వణుకుతుంటే, ఛట్టున లేచి నిలబడ్డాను. ఉంది! నా దగ్గర ఉంది! గ్లూకోజు నీళ్లు తెచ్చిన పిల్ల అదిరిపడింది. సగం రోజు సెలవు పెట్టేసి ఇంటికెళ్లిపోయాను.

ఆ పాత కంప్యూటర్ ఇప్పటికీ మా ఇంట్లో పూల గుడ్డ కప్పుకుని ఉంది. చెడిపోయిన రికార్డింగులన్నీ అప్పట్లో "కచరా" అని పేరు పెట్టిన ఒక ఫోల్డర్లో పడేసేదాన్ని. చెత్త అని అర్థం. చెత్త పారబొయ్యడానికి నాకు బద్ధకం, ఆ బద్ధకానికి దణ్ణం పెట్టాలి. వెతికాను, దొరికింది. ఫోన్లో వేసుకుని, చిన్న స్పీకర్ ఒకటి సంచిలో పెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను.

పిన్ని గుమ్మంలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. "మళ్లీ నీ రేడియోనేటే?" అంది, తల ఎత్తకుండానే.

"ఆఁ, నా రేడియోనే. పాతది, విను" అన్నాను. స్పీకర్ గడప మీద పెట్టి మీట నొక్కాను.

నా చిన్నప్పటి గొంతులా ఉంది అది. "జై జోహార్ రాయ్‌పుర్!" అంది. ఫ్యాను గుయ్యిమని లేచింది, తగ్గింది. పిన్ని కూర ఒలుస్తూనే ఉంది. ఫ్యాను మళ్లీ లేచింది. అప్పుడు గోడ అవతల్నుంచి, అంత గోడనీ అన్నేళ్లనీ దాటుకుని, నిండుగా వచ్చింది.

"ఓలే! టీ అయినాదేటే?"

పిన్ని ఒళ్లో మెంతికూర నేల మీద పడింది. లేచి నిలబడింది. నా కేసి చూడలేదు, స్పీకర్ కేసి చూడలేదు. కొంగు నడుముకి చుట్టుకుని, వంటింటి వైపు అడుగేస్తూ, రోజూ కసురుకున్నట్టే కసురుకుంది.

"వొస్తన్నానయ్యా! అరవకు. గుంట రికార్డింగు చేసుకుంటంది."